ఛెత్రి కార్డుపై సంతకం అసలుదేనా?

బెంగళూరు కంఠీరవ స్టేడియం బయట మీరు కొన్న ఫుట్‌బాల్ ఆటగాడు సునీల్ ఛెత్రి కార్డుపై, బెంగళూరు ఎఫ్‌సీ (ఫుట్‌బాల్ క్లబ్) నీలి జెర్సీ బొమ్మ మీద, "2011" అని వేసి ఉన్న సంతకం అసలుదేనా అని అడిగారు. ముందుగా కార్డును వెలుతురులో ఏటవాలుగా పట్టుకుని భూతద్దంతో చూడండి: గీత సన్నని రంగు చుక్కలుగా విడిపోతే అది అచ్చు వేసినదే, గీతలు ఒకదానినొకటి దాటే చోట సిరా చిక్కబడి, మెరుపు వేరుగా కనిపిస్తే పెన్నుతో పెట్టినదే. ఆ పెన్ను ఎవరి చేతిలో ఉందన్నది మాత్రం దీనితో తేలదు. నేనూ ఒకసారి అక్కడే బోల్తా పడ్డాను.

మీ విషయంలో గుట్టు విప్పేది ఆ తేదీయే. సికింద్రాబాదులో పుట్టి, 2002లో మోహన్ బగాన్‌తో క్లబ్ జీవితం మొదలుపెట్టిన ఛెత్రి బెంగళూరుకు వచ్చింది 2013లో; అసలు ఆ క్లబ్ పుట్టిందే ఆ ఏడాది. కాబట్టి 2011 నాటి సంతకమన్న మాట నిలవదు, డబ్బు తిరిగి అడగండి.