ప్లాస్టిక్ ఎరల రంగు తీయడానికి సోడా బ్లాస్టింగ్
చేపలు పట్టే ప్లాస్టిక్ ఎర మీద పాత రంగు తీద్దామని అసిటోన్‌తో (నెయిల్ పాలిష్ తీసే ద్రవం) తుడిస్తే అది జిగురుజిగురుగా అయిపోయిందని, బ్లాస్టింగ్ చేస్తే ఎలా ఉంటుందని అడిగారు కదా, ఆ ఎర ఏబీఎస్ అనే రకం ప్లాస్టిక్ అయి ఉంటుందండి. అసిటోన్ దాన్ని కరిగించేస్తుంది. మీరన్నట్టు బ్లాస్టింగే, అంటే గాలి ఒత్తిడితో పొడిని చిమ్మి రంగు లేపడమే మేలు. కాకపోతే అల్యూమినియం ఆక్సైడ్ పొడి వద్దు. 1 నుంచి 10 వరకు ఉండే మోస్ కొలతలో దాని గట్టిదనం 9, రంగుతో పాటు ఎర మీది పొలుసుల గీతలు కూడా లేచిపోతాయి. బేకింగ్ సోడా 2.5 మాత్రమే. 30 పీఎస్‌ఐ గాలి ఒత్తిడితో మొదలుపెట్టి ముందు ఎర పొట్ట కింద పరీక్షించి చూడండి. నాజిల్ ఒకేచోట ఆపకుండా ఏటవాలుగా ఆడిస్తూ ఉండాలి. గాలాలు, రింగులు తీసేసి ఎర కళ్లకు టేపు అంటించండి. కంప్రెసర్ గాలిలో తేమ ఉంటే సోడా ముద్దకట్టి నాజిల్ మూసుకుపోతుంది, అదో తలనొప్పి. తర్వాత నీళ్లతో బాగా కడగండి, పొడి మిగిలితే కొత్త రంగు పట్టదు. పారదర్శకమైన ఎర మసకబారితే టెన్షన్ వద్దు, క్లియర్ కోట్‌తో (రంగులేని పూత) చాలావరకు తేరుకుంటుంది. మాస్క్ మాత్రం తప్పనిసరి, పాత రంగుల్లో సీసం ఉండొచ్చు.