కోతకు ముందు రాలే యాపిల్ కాయలను హార్మోన్ మందులతో ఆపవచ్చా?

ఆపవచ్చు, కానీ ఏ మందు ఎప్పుడు కొట్టాలన్నదే అసలు సంగతి. కాయ పక్వానికి వచ్చేకొద్దీ అందులో ఇథిలీన్ వాయువు పెరుగుతుంది. దాని ప్రభావంతో తొడిమ కొమ్మను అంటుకున్న చోట కణాల మధ్య పట్టు సడలి కాయ రాలుతుంది.

ఎక్కువమంది వాడేది ఎన్‌ఏఏ (నాఫ్తలీన్ ఎసిటిక్ ఆమ్లం). ఇది ఆక్సిన్ రకం, అంటే మొక్కల ఎదుగుదలను నడిపే హార్మోన్ లాంటిది. మంచి కాయలు ఒకటీ అరా రాలడం మొదలవగానే 10–20 పీపీఎం (లీటరు నీటికి 10–20 మిల్లీగ్రాములు) మోతాదులో పిచికారీ చేస్తారు. పని చేయడానికి రెండు మూడు రోజులు పడుతుంది, ఆ తర్వాత వారం పది రోజులు కాపాడుతుంది. చెట్టు కింద కాయలు పరుచుకున్నాక కొడితే మందు దండగే. ఇంకో చిక్కు, ఇది తొడిమను పట్టి ఉంచుతుందే గానీ పండడాన్ని ఆపదు. పైగా వేడి వాతావరణంలో మోతాదు మించితే కాయ త్వరగా మెత్తబడుతుంది.

ఏవీజీ అనే ఇంకో మందు దారి వేరు. అసలు ఇథిలీన్ తయారీనే తగ్గిస్తుంది. కోతకు సుమారు నాలుగు వారాల ముందే కొట్టాలి. రాలడమూ పండడమూ రెండూ నెమ్మదిస్తాయి, అయితే ఎరుపు రంగు కూడా ఆలస్యమవుతుంది. రంగును బట్టే ధర పలికే రకాలకు నేనైతే ఆలోచించి వాడమంటాను.

1-ఎంసీపీ అనే మూడో మందు ఇథిలీన్ సంకేతం కణానికి అందకుండా అడ్డుపడుతుంది. కోసిన కాయల నిల్వలోనూ ఇదే వాడతారు.

ఇథెఫాన్ అనే మందు వీటికి పూర్తిగా వ్యతిరేకం. ఇథిలీన్ విడుదల చేసి రంగు, పక్వం త్వరగా తెస్తుంది, రాలడాన్నీ పెంచుతుంది. అందుకే దానికి తోడుగా ఎన్‌ఏఏ కొడతారు.