మత్తడి ఏ దిక్కు?

హనుమకొండ

బిడ్డా,

నీ ఉత్తరం, దాంతో పాటు నువ్వు పంపిన ఇరవై రెండు పేజీల శ్రీలంక యాత్ర అందాయి. రెండుసార్లు చదివాను. మొదటిసారి ఉత్త చేతులతో, రెండోసారి పెన్సిల్ పట్టుకొని. "పత్రికకు పంపొచ్చా మేడం?" అని అడిగావు. ఇప్పుడే వద్దు. ఎందుకో చెప్తాను. ముందు నీ పద్నాలుగో పేజీ గురించి మాట్లాడుకుందాం.

పొలన్నరువలో పరాక్రమ సముద్రం అనే పెద్ద చెరువు కట్ట మీద నువ్వూ నీ స్నేహితురాలూ నిలబడ్డారు. నువ్వు ఫోటోలు తీస్తున్నావు. ఆ పిల్ల అటూ ఇటూ చూసి, "ఇన్ని నీళ్లున్నయి గదా, మత్తడి ఏ దిక్కున్నదే?" అని అడిగింది. చెరువు నిండితే మిగులు నీళ్లు పొర్లి పోయే చోటు ఎక్కడని. నీకు తెలియదు. సైకిల్ మీద పోతున్న ఒక పెద్దాయనను ఆపింది. ఆయనకు సింహళం తప్ప రాదు, మీకు సింహళం రాదు. చేతులు పైనుంచి కిందికి ఊపి నీళ్లు దుంకుతున్నట్టు చూపించింది. ఆయన నవ్వి, సైకిల్ దిగి, దాన్ని నడిపించుకుంటూ మీ ముందు నడిచాడు.

ఇదంతా నాలుగు ముక్కల్లో ముగించేశావు. ఆ వెంటనే "పరాక్రమబాహు 1153 నుంచి 1186 వరకు పాలించాడు" అని మొదలుపెట్టావు. అక్కడి నుంచి రెండున్నర పేజీలు రాజుగారే. ఆయన కట్టించినవీ బాగుచేయించినవీ కలిపి 163 పెద్ద చెరువులు, 2376 చిన్న చెరువులు అని అక్కడి పాత చరిత్ర గ్రంథం చూళవంశం చెప్పే లెక్క కూడా దించావు. నేనేమో ఇంకా ఆ సైకిల్ పెద్దాయన వెనకే నడుస్తున్నాను. మీరు ఎటు పోయారో, ఏం చూశారో నాకు చెప్పే దిక్కు లేదు.

బిడ్డా, చెరువు కట్ట ఎక్కి ఆ ప్రశ్న వేసేవాళ్లు ఎంతమంది ఉంటారో ఆలోచించు. చెరువు కింద పొలం ఉన్న ఇంటి పిల్ల మాత్రమే వేస్తుంది. వానాకాలంలో చెరువు నిండి మత్తడి పడ్డదంటే ఊరు ఊరంతా కట్ట మీదికి ఉరకడం చూసిన పిల్ల. నీ స్నేహితురాలు తన ఊరి చెరువును కళ్లలో పెట్టుకొని పొలన్నరువ దాకా వచ్చింది. ఎవరూ మీకు టికెట్ ఇచ్చి చూపించని దాన్ని ఆ కళ్లు అడిగి చూశాయి. కొత్త దేశంలోకి మీకు తలుపు తీసింది ఆ ప్రశ్నే. నువ్వేమో ఆ తలుపు దాటి లోపలికి పోకుండా పక్కనున్న బోర్డు చదువుతూ నిలబడ్డావు.

రాజును తీసేయమని అనడం లేదు. వాన నీటి బొట్టు ఒక్కటి కూడా మనుషులకు పనికి రాకుండా సముద్రంలో కలవొద్దని ఆయన అనుకున్నాడట. ఆ సంగతి మత్తడి దగ్గర నిలబడ్డప్పుడు ఒక్క వాక్యంలో వస్తే గుండెకు తగులుతుంది. చెరువు నీళ్లు పొలాలకు వదిలే తూము సంగతీ అంతే. కట్ట లోపలి వైపు రాతితో గదిలాగా కట్టి, నీటి ఒత్తిడిని అక్కడ అదుపు చేసి బయటికి వదిలే ఏర్పాటు వాళ్లకు చాలా పాతకాలం నుంచి ఉంది. బిసోకొటువ అంటారు. మన తూమును ఎరిగిన పాఠకుడికి ఈ ఒక్క మాట చాలు, మిగతాది తనే కట్టుకుంటాడు. పెద్ద చెరువును సముద్రం అనడం కూడా మనకు కొత్త కాదు. వరంగల్ నుంచి విజయవాడ వైపు రైలెక్కితే కేసముద్రం స్టేషన్ వస్తుంది గదా. పరాక్రమబాహు పోయిన 27 ఏళ్లకు, 1213లో, ఇక్కడ రేచర్ల రుద్రుడు రామప్ప గుడి కట్టించాడు. దాని పక్కనే చెరువు. అక్కడా ఇక్కడా దాదాపు ఒకే కాలంలో మనుషులు కట్ట పోసి నీళ్లు ఆపారు. ఆ పోలిక నీ యాత్రలో ఒక్కసారి మెరవాలి. వాళ్లు మన దగ్గర నేర్చుకున్నారా, మనం వాళ్ల దగ్గర నేర్చుకున్నామా అనే ఊహల్లోకి మాత్రం పోవద్దు.

ఇప్పుడు నా సంగతి ఒకటి చెప్తాను. ఇంతవరకు ఎక్కడా రాయలేదు.

1992 మే నెల. నేను, మా బడిలో లెక్కలు చెప్పే టీచరు, ఇద్దరం వేసవి సెలవుల్లో నేపాల్ పోయాం. కాజీపేటలో రైలెక్కి, గోరఖ్‌పూర్‌లో దిగి, బస్సులో సోనౌలీ పోయి, సరిహద్దు నడిచి దాటాం. అదే మాకు మొదటి పరదేశం. లాడ్జి రిజిస్టర్‌లో సంవత్సరం 2049 అని ఉంది. అక్కడ విక్రమ శకం నడుస్తుంది. గడియారం మనకంటే పావుగంట ముందు. ఆమె సరిహద్దులోనే తన వాచీ తిప్పుకొని, నన్నూ తిప్పుకోమంది. పావుగంటకు ఏమవుతుందిలే అనుకొని నేను తిప్పుకోలేదు.

ఖాట్మండులో మూడో రోజు పొద్దున్నే పొఖరా బస్సు. తెల్లారకముందే లేచి, మళ్లీ ఒకసారి పశుపతినాథ్ పోయి వస్తానని బయల్దేరాను. నా వాచీ ప్రకారం సమయానికే బస్టాండుకు వచ్చాను. బస్సు లేదు. ఆమె రెండు సంచులు ఒళ్లో పెట్టుకొని బెంచీ మీద కూర్చొని ఉంది. తాను ఎక్కొచ్చు, ఎక్కలేదు. ఆ రోజు సాయంత్రం దాకా మేమిద్దరం మాట్లాడుకోలేదు. చాయ్ హోటల్ ఆవిడ మా ముఖాలు చూసి ఏమనుకుందో, అడగకుండానే రెండు గ్లాసులు తెచ్చి మా మధ్యలో పెట్టింది. ఆమె ఒక గ్లాసు నా వైపు జరిపింది. అంతే, మాటలు కలిశాయి. పొఖరా మాత్రం చూడలేకపోయాం.

ఇంటికొచ్చి యాత్ర రాశాను. అంతటా "నేను". నేను దిగాను, నేను చూశాను, నేను పరవశించాను. పొఖరా దగ్గరికి వచ్చేసరికి "అనివార్య కారణాల వల్ల వెళ్లలేకపోయాను" అని రాశాను. అచ్చయింది. ఆమెకు తీసుకుపోయి ఇచ్చాను. స్టాఫ్ రూంలో కూర్చొని మొత్తం చదివి, పత్రిక మడిచి, "నేను రాలేదా?" అని అడిగింది. కోపంగా అడగలేదు, అందుకే ఇప్పటికీ చెవుల్లో ఉంది. "నేను బస్సు పోనిచ్చి నీ కోసం కూర్చున్న. అది రాయకపోతివేంది?" అంది.

నేపాల్‌లో నాకు జరిగిన అన్నింటిలోకి పెద్దది అదే. హిమాలయాలు నన్ను చూసి ఆగలేదు, ఆమె ఆగింది. దాన్ని వదిలేసి కొండల గురించి ఇరవై పేజీలు రాశాను. ఆమె దగ్గర చిన్న లెక్కల పుస్తకం ఉండేది. చాయ్ ఎంత, గది ఎంత, సరిహద్దులో కొన్న రెండు అరటిపండ్లు ఎంత, ఏ ఊళ్లో ఎక్కడ భోజనం చేశాం, అన్నీ తేదీలతో రాసింది. కొన్నేళ్ల తర్వాత అది చదివితే నా వ్యాసంలో లేని నేపాల్ అంతా అందులో కనబడింది.

అందుకే నీ పేజీల్లో "నేను" వచ్చిన చోటల్లా పెన్సిల్‌తో చిన్న చుక్క పెట్టాను. లెక్కపెట్టుకో. నీ స్నేహితురాలు కొలంబోలో దిగింది, మళ్లీ పద్నాలుగో పేజీదాకా మాయమైంది. ఆరు రోజులు ఒకే గదిలో పడుకున్నారు, ఒకే సంచీలోంచి బిస్కెట్లు తిన్నారు. ఒక్క రోజైనా చిరాకు పడలేదా? క్యాండీ నుంచి పొలన్నరువ బస్సు ప్రయాణం ఎలా ఉందో ఒక్క ముక్క లేదు. ఎర్ర బస్సా, ప్రైవేటు బస్సా, కూర్చున్నారా, నిలబడ్డారా? ఎవరు ఎవరి భుజం మీద నిద్రపోయారు? ఆ పిల్లను అడుగు. నీకు గుర్తులేనివి ఆమెకు గుర్తుంటాయి. రాయడం అయ్యాక మొదట ఆమెకే చదివి వినిపించు. తన గురించి ఏదైనా వద్దంటే తీసెయ్, వాదించకు.

ఇంకొన్ని చోట్ల గీతలు పెట్టాను. "శ్రీలంక ప్రజలు కష్టాల్లోనూ చిరునవ్వు చెదరనివ్వరు" అన్నది కొట్టేశాను. ఆరు రోజుల్లో ఒక దేశం ప్రజల గురించి మనం ఏమీ చెప్పలేం. దాని కింద నువ్వే రాసిన ఆటో డ్రైవర్ మాట చూడు: 2022లో పెట్రోల్ లైన్లో రెండు రాత్రులు ఆటోలోనే పడుకున్నానన్నాడు. అది ఉంచు. ఆయన ఆ మాట చెప్పేటప్పుడు ముఖం ఎలా ఉందో, చేతులు ఎక్కడ ఉన్నాయో గుర్తుంటే అది కూడా రాయి.

తెలుగు మాట్లాడే అహికుంటకుల గురించి ఒక పేరా ఉంది. పాములాడించే వాళ్లు, ఆ దేశంలో తరాలుగా తెలుగును ఇంటిభాషగా నిలుపుకున్నవాళ్లు. ఆ పేరా చదువుతుంటే నాకూ ఒళ్లు పులకరించింది. కానీ నువ్వు వాళ్లను కలవలేదు. వాళ్ల నోట ఒక్క తెలుగు మాట వినలేదు. కాబట్టి అది తీసెయ్యి తల్లీ. మళ్లీ పోయినప్పుడు వాళ్ల ఇంటి ముందు కూర్చొని రాద్దువు.

క్యాండీ చెరువు సంగతి వేరు. దాని గట్టు మీద కూర్చొని మీరిద్దరూ పొట్లం విప్పుకొని అన్నం తిన్నారు. ఆ చెరువు కట్టించింది శ్రీవిక్రమ రాజసింహుడు, 1807లో. మధుర నాయకుల బంధువర్గం నుంచి వచ్చిన రాజవంశం, తెలుగు మూలాలున్నది. 1815లో ఇంగ్లీషువాళ్లు పట్టుకొని, ఆ తర్వాత వేలూరు పంపితే ఆ క్యాండీ చివరి రాజు మళ్లీ తన చెరువును చూడనే లేదు. ఈ కథ ఉండొచ్చు, ఎందుకంటే మీ అన్నం పొట్లం ఆయన గట్టు మీదే విప్పారు.

బోర్డుల గురించి రాసింది ముట్టుకోలేదు. సింహళ అక్షరాలు మన అక్షరాల్లాగే గుండ్రంగా ఉండి, దూరం నుంచి తెలుగే అనుకొని చదవబోయి, దగ్గరికి పోయాక ఒక్కటీ రాక నిలబడిపోయామని రాశావు. "చదువు రానివాళ్లకు ఊరు ఎట్లుంటదో అప్పుడు తెలిసింది" అన్నావు. మా అమ్మకు చదువు రాదు. బస్సు బోర్డు చదవమని ఎవరినో ఒకరిని అడిగేది. ఆ వాక్యం దగ్గర పెన్సిల్ కింద పెట్టి కాసేపు కూర్చున్నాను. అలాంటి వాక్యం రాయగలిగినదానివి, రెండున్నర పేజీలు ఎక్కడినుంచో దించడం ఎందుకు బిడ్డా?

ఒక పని చెయ్యి. పాత కాగితాలు పక్కన పెట్టు. ఫోన్‌లో ఫోటోలు కూడా చూడకు. నీ స్నేహితురాలిని ఇంటికి పిలిచి, ఇద్దరూ కూర్చొని, కట్ట ఎక్కినప్పటి నుంచి ఆ పెద్దాయన సైకిలెక్కి వెళ్లిపోయిన దాకా మాత్రం రాయండి. ఎండ ఎటు నుంచి ఉంది, ఆయన కాళ్లకు చెప్పులున్నాయా, ఎంత దూరం నడిచారు, దారిలో ఆయన ఏదో చెప్తుంటే మీరు ఏం అర్థమైందనుకున్నారు. పొడుగైనా పర్వాలేదు.

నిన్న రాత్రి ఇక్కడ గట్టి వాన పడింది. పొద్దున భద్రకాళి చెరువు వైపు నడిచి వచ్చాను, నీళ్లు ఎర్రగా ఉన్నాయి. కట్ట మీద నిలబడితే మీరిద్దరే గుర్తొచ్చారు. ఇంతకూ మత్తడి ఏ దిక్కున ఉంది? నీళ్లు దుంకుతున్నాయా అప్పుడు? ముందు అది రాసి పంపు.

మీ మేడం