పఖాళ మానకుండానే 11 కిలోలు తగ్గాను

పర్లాకిమిడి నుంచి మీరు అడిగింది ఇదీ: 34 ఏళ్ళు, 86 కిలోలు, తిండి అంటే ప్రాణం, నాన్నగారికి షుగరు ఉంది, మీకు లివరులో కొవ్వు చేరిందని డాక్టరు బరువు తగ్గమన్నారు. పఖాళ (రాత్రి నీళ్ళలో నానబెట్టిన అన్నం), పూరీ, ఛెనాపోడ (పాల విరుగుడుతో కాల్చి చేసే ఒడియా మిఠాయి) వదలకుండా తగ్గడం కుదురుతుందా అని.

కుదురుతుంది. నాకు కుదిరింది. మాది బరంపురం. మూడేళ్ళ కిందట నా బరువు 78 కిలోలు, ఎత్తు 5 అడుగుల 2 అంగుళాలు, హెచ్‌బీఏ1సీ (రెండు మూడు నెలల సగటు షుగరు చెప్పే రక్తపరీక్ష) 6.3. అంటే షుగరు గడప దగ్గర నిలబడి ఉన్నాను. 14 నెలల్లో 67కి వచ్చాను, ఆ 6.3 కాస్తా 5.6 అయింది. ఆదివారం ఛెనాపోడ ఇప్పటికీ తింటాను.

మొదట నేను చేసిన తప్పు మీరు చేయకండి. ఎవరిదో వీడియో చూసి అన్నం పూర్తిగా మానేశాను. 19 రోజుల్లో 3 కిలోలు తగ్గాయి. ఇంట్లో అందరికీ వండి వడ్డించి, నేను ఉడికిన గుడ్లు, కీరా ముక్కలు ముందు పెట్టుకుని కూర్చునేదాన్ని. చేపల పులుసు వాసన వస్తుంటే కళ్ళలో నీళ్ళు తిరిగేవి. ఇరవయ్యో రోజు ఛత్రపురంలో బంధువుల పెళ్ళి. ఆ విస్తరి ముందు కూర్చున్నాక ఇక ఆగలేకపోయాను. రెండు నెలల్లో 4 కిలోలు పెరిగాను. తిండి మీద ఇష్టం ఉన్నవాళ్ళకి ఆ ఇష్టాన్ని చంపుకునే డైట్ నిలవదు, ఇది నా గట్టి నమ్మకం.

తర్వాత ఒకరోజు మధ్యాహ్నం నా కంచాన్ని నేనే గమనించాను. పప్పుతో రెండు గరిటెల అన్నం, వేపుడుతో కొంచెం, పులుసుతో మళ్ళీ, చారుతో మళ్ళీ, చివర పెరుగుతో. ఐదుసార్లు! మర్నాడు ఆ అన్నమంతా వంటింటి కాటాలో పెట్టి చూస్తే 520 గ్రాములు. వండిన అన్నం 100 గ్రాములకు సుమారు 130 కేలరీలు, కాబట్టి ఒక్క పూట అన్నానికే 650 దాటుతున్నాయి. నాకు ప్రాణమైనవి పప్పూ, పులుసూ, చారూ. వాటిని తినడానికని అన్నం తింటున్నాను. మన భోజనంలో ఏ పదార్థం వచ్చినా దాని అన్నం అది అడుగుతుంది, అక్కడే ఉంది చిక్కంతా.

అందుకని ఒక్క వంటకం కూడా తీసేయలేదు, వాటి పక్కనున్న అన్నం తీసేశాను. డాల్మా, అంటే కూరగాయలు వేసి వండే ఒడియా పప్పు, గిన్నెలో వేసుకుని చెంచాతో తింటాను. అందులో కందిపప్పు, పచ్చి బొప్పాయి, గుమ్మడి, వంకాయ, ములక్కాడ అన్నీ ఉంటాయి, పోపుకు ఒక చెంచా నెయ్యి చాలు. బరువు తగ్గాలనుకునేవాళ్ళకి ఒడియా వంటింట్లో ఇంతకంటే మంచిది నాకు కనబడలేదు. చారు గ్లాసులో పోసుకుని తాగుతాను. అన్నం పులుసుతోనో కూరతోనో ఒకసారి, పెరుగుతో ఒకసారి, మొత్తం 200 గ్రాములు. మొదటి వారం ఏదో వెలితిగా ఉండేది. రెండో వారానికి డాల్మా అసలు రుచి తెలిసింది.

పఖాళ సంగతి కొంచెం వివరంగా చెప్పాలి. మా అమ్మమ్మ తరవాణి అనేది, ఇక్కడివాళ్ళు పఖాళ అంటారు. ఎండాకాలంలో అది లేకపోతే నాకు గడవదు. అందులో ఇబ్బంది ఏమిటంటే నమలకుండానే జారిపోతుంది, ఎంత తిన్నామో తెలియదు. పైగా నంజుకోవడానికి బడిచూరా (వేయించి నలిపిన వడియాలు), చేప వేపుడు, ఆలూ భజా (బంగాళాదుంప వేపుడు), అన్నీ నూనెవే. నేను రాత్రి నానబెట్టేటప్పుడే నా వంతు అన్నం కాటా వేసి వేరే గిన్నెలో ఉంచుతాను. నంజుడుకు వేపుళ్ళలో ఏదో ఒకటే, మిగతావి ఆకుకూర, కాల్చిన వంకాయ, ఉల్లిపాయ. తిన్న వెంటనే పడుకోను. ఈ చివరిదే నాకు అన్నిటికంటే కష్టమైంది.

నూనె లెక్క కూడా చూడండి. కొత్త లీటరు సీసా తెరిచిన రోజున మూత మీద పెన్నుతో తేదీ రాశాను. మేం నలుగురం, 5 రోజుల్లో అయిపోయింది. అంటే మనిషికి రోజుకు 45 గ్రాములు. చేత్తో వంచడం మానేసి చెంచాతో కొలవడం మొదలుపెట్టాక అదే సీసా 9 రోజులు వస్తోంది, మనిషికి 25 గ్రాములు. గ్రాముకు 9 కేలరీల చొప్పున రోజుకు 180 తగ్గాయి. ఇంట్లో ఎవరికీ రుచి తేడా తెలియలేదు.

చోళ్ళ (రాగుల) గురించి చాలామంది పొరపాటు పడుతున్నారు. చిరుధాన్యాల కోసం ప్రభుత్వం పెట్టిన ఒడిశా మిల్లెట్స్ మిషన్ 2017లో మొదలయ్యాక మీ గజపతి జిల్లాలోనూ మండియా పిండి (ఒడియాలో చోళ్ళని మండియా అంటారు) బాగా దొరుకుతోంది, మంచిదే. కానీ చోళ్ళలో కేలరీలు బియ్యంలో ఉన్నంత దగ్గరగానే ఉంటాయి. 100 గ్రాముల్లో పీచు 11 గ్రాములు (తెల్ల బియ్యంలో 3 కూడా ఉండదు) కాబట్టి కడుపు నిండుగా ఉంటుంది. చోడంబలి ఉదయం టిఫిన్‌కు బదులు తాగాలి, టిఫిన్ తిన్నాక కాదు.

పూరీ ఆదివారం మూడు, శనగల కూరతో. ఛెనాపోడ ముక్క కొంటాను, డబ్బా ఇంటికి తేను. సాయంత్రం 40 నిమిషాల నడక.

అమ్మ మారు వడ్డిస్తే కాదనలేనని రాశారు. ఆవిడతో పోట్లాడకండి. "అన్నం వద్దమ్మా, డాల్మా ఇంకో గరిటె వెయ్యి" అనండి. ఆవిడకు మీరు తినడం కావాలి, ఏది తిన్నా సంతోషిస్తారు.

నాన్నగారికి షుగరు ఉందంటున్నారు కాబట్టి మొదలుపెట్టేముందు మీకూ హెచ్‌బీఏ1సీ, థైరాయిడ్ చూపించుకోండి. నాన్నగారు మందులు వాడుతుంటే ఆయన అన్నం మాత్రం డాక్టరును అడగకుండా తగ్గించొద్దు, షుగరు పడిపోవచ్చు. వారానికి అరకిలో చొప్పున తగ్గితే చాలు, తొందరపడకండి. బరువుతోపాటు నడుము కూడా టేపుతో కొలిచి రాసుకోండి. మన దేశంలో మగవాళ్ళకి 90 సెంటీమీటర్లు, ఆడవాళ్ళకి 80 దాటకూడదంటారు. నాది 98 నుంచి 87కి వచ్చింది, ఇంకో 7 ఉంది.