షేర్‌లో ఫుల్ కంట్రోల్ ఉన్నా యాక్సెస్ డినైడ్ ఎందుకు?

ప్రశ్న: విండోస్ సర్వర్‌లో ఒక ఫోల్డర్‌ను షేర్ చేసి అందరికీ ఫుల్ కంట్రోల్ ఇచ్చాను. ఇతర కంప్యూటర్ల నుంచి ఫైళ్లు తెరుచుకుంటున్నాయి కానీ, సేవ్ చేయబోతే యాక్సెస్ డినైడ్ అని వస్తోంది. కమాండ్ ప్రాంప్ట్ నుంచే దీన్ని సరిచేయవచ్చా?

జవాబు: చేయవచ్చు. నెట్‌వర్క్ మీదుగా వచ్చే వ్యక్తిని విండోస్ రెండు చోట్ల పరీక్షిస్తుంది. మొదటిది షేర్ అనుమతి. ఇందులో రీడ్, చేంజ్, ఫుల్ కంట్రోల్ అనే మూడు స్థాయిలే ఉంటాయి. రెండోది ఆ ఫోల్డర్ ఉన్న డ్రైవ్‌లోని ఎన్‌టీఎఫ్‌ఎస్ (డ్రైవ్‌లో ఫైళ్లను భద్రపరిచే విండోస్ పద్ధతి) అనుమతి; ఇది ప్రతి ఫోల్డర్‌కూ, ప్రతి ఫైలుకూ విడిగా ఉండగలదు. రెండింటిలో ఏది తక్కువ ఇస్తే అదే చెల్లుతుంది కాబట్టి, షేర్‌లో ఎంత ఉదారంగా ఇచ్చినా ఎన్‌టీఎఫ్‌ఎస్‌లో రీడ్ మాత్రమే ఉంటే చదవడం తప్ప రాయడం కుదరదు. అదే వ్యక్తి సర్వర్ ముందు కూర్చుని డ్రైవ్‌లోంచి నేరుగా ఆ ఫోల్డర్ తెరిస్తే షేర్ అనుమతుల ప్రసక్తే రాదు. అందుకే సర్వర్‌లో పరీక్షించి "నాకు బాగానే పనిచేస్తోంది" అనుకోవడంలో అర్థం లేదు.

ముందు ఉన్నదేమిటో చూడండి. కమాండ్ ప్రాంప్ట్‌ను అడ్మినిస్ట్రేటర్‌గా తెరిచి, "నెట్ షేర్" అని రాసి పక్కన షేర్ పేరు ఇస్తే దాని పాత్, అనుమతులు కనిపిస్తాయి. తర్వాత "ఐసీఏసీఎల్ఎస్" అని రాసి పక్కన ఫోల్డర్ పాత్ ఇవ్వండి. (కమాండ్లను ఇక్కడ తెలుగు లిపిలో రాస్తున్నాను; టైపు చేయాల్సింది ఆంగ్ల అక్షరాల్లోనే.) వచ్చే జాబితాలో ఒక్కో యూజర్ లేదా గ్రూపు పక్కన బ్రాకెట్లలో కొన్ని అక్షరాలుంటాయి. ఎఫ్ అంటే ఫుల్ కంట్రోల్, ఎం అంటే మాడిఫై (చదవడం, రాయడం, తొలగించడం), ఆర్ఎక్స్ అంటే చదవడం, ప్రోగ్రాములు నడపడం. విడిగా ఐ అని ఉంటే ఆ అనుమతి పై ఫోల్డర్ నుంచి వారసత్వంగా వచ్చిందని అర్థం. మీ విషయంలో యూజర్ల పక్కన బహుశా ఆర్ఎక్స్ మాత్రమే ఉంటుంది.

ఏ మార్పూ చేయకముందే పాత స్థితిని భద్రపరచుకోండి. మీ ఫోల్డర్ డి:\డేటా అనుకుందాం. "ఐసీఏసీఎల్ఎస్ డి:\డేటా /సేవ్ పాతవి.టీఎక్స్‌టీ /టి" అంటే ఫోల్డర్‌తోపాటు దాని కింద ఉన్న వాటన్నిటి అనుమతులూ ఆ ఫైలులోకి చేరతాయి. ఫైలులో పేర్లు పై ఫోల్డర్‌ను బట్టి నమోదవుతాయి కాబట్టి, వెనక్కి తెచ్చుకునేటప్పుడు డి:\డేటా అని కాకుండా డి:\ అని మాత్రమే ఇచ్చి, పక్కన "/రిస్టోర్ పాతవి.టీఎక్స్‌టీ" అని రాయాలి. ఈ సంగతి తెలియక బ్యాకప్ పాడైందనుకునేవారు చాలామంది. ఓనర్ ఎవరన్న వివరం మాత్రం ఇందులో సేవ్ కాదు.

ఇక అసలు మార్పు: "ఐసీఏసీఎల్ఎస్ డి:\డేటా /గ్రాంట్ గ్రూపుపేరు:(ఓఐ)(సీఐ)ఎం". ఓఐ లోపలి ఫైళ్లకూ, సీఐ లోపలి ఫోల్డర్లకూ అనుమతి దిగేలా చేస్తాయి. ఈ రెండూ మరిచిపోతే అనుమతి ఆ ఒక్క ఫోల్డర్ దగ్గరే ఆగిపోతుంది. ఎఫ్ బదులు ఎం ఎందుకంటే, ఫుల్ కంట్రోల్ ఉన్నవారు అనుమతులనే మార్చగలరు, ఓనర్‌షిప్ కూడా తీసుకోగలరు. ఫైళ్లతో రోజూ పనిచేసేవారికి మాడిఫై సరిపోతుంది. చివర /టి పెట్టాలని చాలా చోట్ల రాస్తుంటారు కానీ, వారసత్వం తెగకుండా ఉన్నంత వరకు దాని అవసరం లేదు. పెడితే లోపలి ప్రతి దాని మీదా అదే మార్పు విడిగా నమోదై, రేపు ఆ అనుమతి తీసేయాల్సి వచ్చినప్పుడు అన్నిచోట్లా తుడుచుకుంటూ పోవాలి. పవర్‌షెల్‌లో (విండోస్‌లో కమాండ్లు ఇచ్చే మరో ప్రోగ్రాం) ఇదే కమాండ్ ఇస్తుంటే, ఆ బ్రాకెట్లను అది తన పద్ధతిలో అర్థం చేసుకుంటుంది కనుక గ్రూపు పేరు నుంచి ఎం వరకు కొటేషన్ మార్కుల మధ్య ఉంచాలి.

కట్టడి అంతా ఎన్‌టీఎఫ్‌ఎస్ వైపే పెట్టుకుని, షేర్ అనుమతిని ఒకసారి చేంజ్‌గా ఉంచి వదిలేయమని నా సలహా. రెండు చోట్లా కత్తిరింపులు చేస్తూ పోతే కొంతకాలానికి ఎవరికి ఏది ఎందుకు ఆగిందో చేసినవారికే అంతుపట్టదు. "నెట్ షేర్" కమాండ్‌లో /గ్రాంట్ అన్నది షేర్‌ను సృష్టించేటప్పుడే పనిచేస్తుంది. ఉన్న షేర్‌కు అనుమతి మార్చాలంటే విండోస్ 8, సర్వర్ 2012 నుంచి వచ్చిన పవర్‌షెల్ కమాండ్లు వాడాలి: చూడటానికి "గెట్-ఎస్ఎంబీషేర్‌యాక్సెస్", ఇవ్వడానికి "గ్రాంట్-ఎస్ఎంబీషేర్‌యాక్సెస్", తీసేయడానికి "రివోక్-ఎస్ఎంబీషేర్‌యాక్సెస్".

ఎవరినైనా ఆపాలనిపిస్తే వెంటనే /డినై (నిరాకరణ) జోలికి పోవద్దు. ఒకే స్థాయిలో అనుమతి, నిరాకరణ రెండూ ఉంటే నిరాకరణే నెగ్గుతుంది. పైగా ఎవ్రీవన్ (అందరూ ఉండే గ్రూపు) కు నిరాకరణ పెడితే అందులో మీరూ ఉంటారు. ఆ ఫోల్డర్ మీదే నేరుగా ఇచ్చిన అనుమతి మాత్రం పైనుంచి దిగివచ్చిన నిరాకరణను దాటేస్తుంది. ఈ మెలికలు గుర్తుపెట్టుకోవడం కన్నా, ఆ వ్యక్తిని గ్రూపు నుంచి తీసేయడం మేలు.

ప్రశ్న: ఒక ఫైలును వేరే ఫోల్డర్ నుంచి అందరూ వాడే ఫోల్డర్‌లోకి మార్చాను. పక్కనున్న ఫైళ్లన్నీ అందరికీ తెరుచుకుంటున్నాయి, ఇదొక్కటే తెరుచుకోవడం లేదు. ఎందుకు?

జవాబు: ఒకే డ్రైవ్‌లో ఒక చోటి నుంచి మరో చోటికి మూవ్ చేసిన ఫైలు పాత అనుమతులను వెంట తెచ్చుకుంటుంది. కాపీ చేస్తే మాత్రం కొత్త ఫైలు పుడుతుంది కాబట్టి అది కొత్త ఫోల్డర్ అనుమతులనే తీసుకుంటుంది. "ఐసీఏసీఎల్ఎస్" పక్కన ఆ ఫైలు పాత్ ఇచ్చి /రీసెట్ అనండి. పాతవి పోయి కొత్త ఫోల్డర్ నుంచి రావలసినవి వస్తాయి. ఫోల్డర్ మొత్తానికి /టి కలిపి ఇదే చేస్తే లోపల మీరు ప్రత్యేకంగా ఇచ్చుకున్న అనుమతులు కూడా తుడిచిపెట్టుకుపోతాయి, కాబట్టి ముందు /సేవ్ చేసుకోండి. విండోస్‌తోనే వచ్చే కాపీ కమాండ్ రోబోకాపీ కూడా మామూలుగా డేటాను, అట్రిబ్యూట్లను, తేదీలను మాత్రమే తీసుకెళ్తుంది. అనుమతులూ రావాలంటే /ఎస్ఈసీ అని ప్రత్యేకంగా అడగాలి.

ప్రశ్న: ఒక ఉద్యోగిని గ్రూపులో చేర్చినా షేర్ తెరుచుకోవడం లేదు. మరో యూజర్ పేరుతో కనెక్ట్ కాబోతే 1219 ఎర్రర్ వస్తోంది.

జవాబు: గ్రూపుల జాబితా లాగిన్ అయ్యే సమయంలో తయారవుతుంది, మధ్యలో మారదు. ఆ ఉద్యోగి పూర్తిగా సైన్ అవుట్ చేసి మళ్లీ లాగిన్ కావాలి. ఆ తర్వాత అదే కంప్యూటర్‌లో "హూయామ్‌ఐ /గ్రూప్స్" అని ఇస్తే కొత్త గ్రూపు కనిపించాలి. 1219 అంటే ఒకే సర్వర్‌కు ఒకేసారి రెండు యూజర్ పేర్లతో కనెక్ట్ కావడాన్ని విండోస్ ఒప్పుకోవడం లేదని అర్థం. "నెట్ యూజ్" అని ఇచ్చి పాత కనెక్షన్లను చూసి, అక్కర్లేని వాటిని /డిలీట్ చేయండి.

ప్రశ్న: లినక్స్‌లో సాంబా ద్వారా ఫోల్డర్ షేర్ చేశాను. ఒకరు సృష్టించిన ఫైలును అదే గ్రూపులోని మరొకరు మార్చలేకపోతున్నారు.

జవాబు: సాంబా అంటే లినక్స్ ఫోల్డర్లను విండోస్ పద్ధతిలో షేర్ చేసే ప్రోగ్రాం. ఇక్కడా రెండు అంచెలే. సాంబా సెట్టింగుల ఫైలు ఒప్పుకోవాలి, లినక్స్ ఫైల్ అనుమతులూ ఒప్పుకోవాలి. సాంబాలో "క్రియేట్ మాస్క్" (కొత్త ఫైలుకు ఏ అనుమతుల వరకు ఉండవచ్చో చెప్పే సెట్టింగు) విలువ ఏమీ మార్చకపోతే 0744 గా ఉంటుంది. అంటే కొత్త ఫైలును సృష్టించినవారు తప్ప గ్రూపులోని మిగతావారు చదవగలరు గానీ రాయలేరు. మీ సమస్య దాదాపుగా ఇదే. ఆ షేర్ విభాగంలో క్రియేట్ మాస్క్‌ను 0660 గా, డైరెక్టరీ మాస్క్‌ను 2770 గా పెట్టండి. ఫోల్డర్‌ను "సీహెచ్‌జీఆర్‌పీ" తో ఆ గ్రూపుకు అప్పగించి, "సీహెచ్‌మోడ్ 2770" ఇవ్వండి. ముందున్న 2 వల్ల లోపల పుట్టే ప్రతి ఫైలూ సృష్టించినవారి సొంత గ్రూపుకు కాక, ఈ ఫోల్డర్ గ్రూపుకే చెందుతుంది.

ఒకటి కన్నా ఎక్కువ గ్రూపులకు వేర్వేరు అనుమతులు ఇవ్వాలంటే "సెట్‌ఎఫ్‌ఏసీఎల్" అనే లినక్స్ కమాండ్ వాడాలి. ఉన్న ఫైళ్లకు ఒకసారి, కొత్తగా రాబోయే వాటికి -డి జోడించి మరోసారి, ఇలా రెండుసార్లు ఇవ్వాలి. ఆ తర్వాత ఎవరైనా అదే ఫైలు మీద సీహెచ్‌మోడ్ వాడితే గ్రూపు అంకె ఆ ఫైలు మాస్క్‌ను (గ్రూపులకు చెల్లే అనుమతుల పరిమితి; సాంబా మాస్క్ కాదు) మార్చేస్తుంది. గ్రూపుకు అనుమతి ఉన్నట్టే కనిపిస్తుంది గానీ పనిచేయదు. "గెట్‌ఎఫ్‌ఏసీఎల్" ఇచ్చి చూస్తే అలాంటి వరుస పక్కన ఎఫెక్టివ్ అని అసలు చెల్లుబాటయ్యే అనుమతి కనిపిస్తుంది. సెట్టింగుల ఫైలు మార్చాక "టెస్ట్‌పార్మ్" తో తప్పులున్నాయేమో చూసుకుని, "ఎస్ఎంబీకంట్రోల్ ఆల్ రీలోడ్-కాన్ఫిగ్" ఇవ్వండి. సాంబాలో పెట్టిన కొత్త మాస్క్ ఇకమీదట పుట్టే ఫైళ్లకే వర్తిస్తుంది కాబట్టి, పాత ఫైళ్లకు గ్రూపునూ అనుమతినీ మీరే విడిగా సరిచేయాలి.