మొదటిసారి మైకు పట్టుకుంటున్న మేనకోడలికి

చిరంజీవి మేనకోడలికి, మావయ్య ఆశీస్సులు.

వ్యాపారస్తులతో, తమ పనిలో తలపండినవాళ్లతో పని గురించీ బతుకు గురించీ ఉన్నదున్నట్టు మాట్లాడించి, రికార్డు చేసి వినిపిస్తానంటున్నావని మీ అమ్మ చెప్పింది. మొదటి మనిషి భీమవరం వైపు వెనామీ రొయ్యల రైతట. మంచి ఎంపిక. పెట్టుబడి, అప్పు, జబ్బు, అమెరికా మార్కెట్టు అన్నీ నాలుగు నెలల్లో తేలిపోయే వ్యాపారం అది.

"మీ సక్సెస్ సీక్రెట్ ఏంటండీ?" అని మాత్రం అడగకు. ఎవరైనా సరే కష్టం, క్రమశిక్షణ, దేవుడి దయ అంటారు. ఆ ప్రశ్నకి వేరే జవాబు ఉండదు కూడా. నీ ప్రతి ప్రశ్నలో ఒక తేదీ గానీ, ఒక కాగితం గానీ, ఒక రూపాయి లెక్క గానీ ఉండాలి. ఎకరానికి సీడ్, అంటే రొయ్య పిల్లలు, ఎంత వదిలారు? ఎన్నో రోజున రొయ్యలు పట్టారు? ఎంత కౌంటు వచ్చింది? ఆ రోజు ఆ కౌంటుకి రేటెంత? మేత డీలరుకి అప్పటికి బాకీ ఎంత? అది కట్టాక ఇంటికి ఎంత తెచ్చుకున్నారు? ఈ వరసలో వెళ్తే నాలుగో ప్రశ్న దగ్గరికొచ్చేసరికి, సన్మాన సభల్లో చెప్పి చెప్పి అరిగిపోయిన మాటలు ఆయనకి పనికిరావు. లెక్క గుర్తు తెచ్చుకోవాల్సిందే, దాంతోపాటు ఆ రోజూ గుర్తొస్తుంది.

కౌంటు అంటే కిలోకి ఎన్ని రొయ్యలు తూగాయన్నది. 30 కౌంటు పెద్ద రొయ్య, 100 కౌంటు చిన్నది. ఇలాంటివి నువ్వు ముందే నేర్చుకుని వెళ్లు. వినేవాళ్ల కోసం ఒక్క ముక్కలో నువ్వే చెప్పేస్తే సరిపోతుంది. చదరపు మీటరుకి 60 రొయ్య పిల్లలకి మించి వదలకూడదని కోస్తా ఆక్వాకల్చర్ నిబంధన ఉందని తెలిస్తే, ఆయన చెప్పిన అంకె విన్నప్పుడు ఏం అడగాలో నీకే తోస్తుంది.

బతుకు గురించి విడిగా ఒక విభాగం పెట్టుకుని "ఇప్పుడు కాస్త పర్సనల్‌గా" అంటే మనిషి బిగుసుకుంటాడు. అది లెక్కల్లోంచే రావాలి. 2025 ఆగస్టు చివర్లో అమెరికా మన సరుకు మీద సుంకాన్ని 50 శాతానికి పెంచింది కదా. ఆ వారం మీ చెరువులో ఎన్ని రోజుల పంట ఉంది, పట్టేశారా, ఆగారా, ఎవరితో మాట్లాడి నిర్ణయించారు అని అడుగు. "ఎవరితో" అన్న దగ్గర భార్యో, తమ్ముడో, డీలరో వస్తారు. ఇంటి పత్రాలు ఎక్కడున్నాయి, జూన్‌లో పిల్లల ఫీజు ఎలా కట్టారు అన్నవి ఆ వెనకే అడగొచ్చు. బంగారం తాకట్టు సంగతి నువ్వు ఎత్తకు. ఆయన ఎత్తితే "విడిపించారా?" అని ఒక్క మాట అడిగి ఊరుకో.

మన దగ్గర అసలు అడ్డంకి మొహమాటం. పెద్దవాళ్లని బాబాయిగారూ, మావయ్యగారూ అని పిలవడం మనకి మర్యాదే గానీ, వరస కలిపాక "నష్టం ఎంత?" అని అడగడానికి నోరు రాదు. పేరు పక్కన గారు పెట్టు, చాలు. ఇంకో సంగతి, గదిలో మూడో మనిషి ఉండకూడదు. కొడుకో మేనేజరో పక్కన కూర్చుంటే ఆయన నీతో కాదు, వాళ్లతో మాట్లాడతాడు. కాఫీలు, పలకరింపులు, ఫొటోలు అన్నీ ముందే కానిచ్చేసి తలుపు వెయ్యి.

మన అలవాటు మరొకటుంది, ఊ కొట్టడం. నీ "ఊ... ఊ..." ప్రతి వాక్యం మీదా పడితే తర్వాత కోయలేవు. తల ఊపు. కానీ ఊ కొట్టకపోతే మనవాళ్లు వినట్లేదనుకుని ఆపేస్తారు, కాబట్టి "నేను తలే ఊపుతానండీ, వింటూనే ఉంటాను" అని ముందే చెప్పు. జవాబు అయిపోయిందనిపించాక మనసులో ఐదు అంకెలు లెక్కపెట్టు. పనికొచ్చే మాట చాలాసార్లు ఆ ఐదులోనే వస్తుంది. నువ్వు తొందరపడి తర్వాతి ప్రశ్నకి దూకితే అది లోపలే ఉండిపోతుంది.

ముందు పని గురించి. రెండు రోజుల ముందు ఒక పావుగంట ఫోన్లో మాట్లాడు. విషయాలు చెప్పు, ప్రశ్నలు పంపకు. పంపితే జవాబులు రాసుకొస్తారు. ఫోన్లోనే మంచి సంగతేదో మొదలుపెడితే "ఇది అక్కడ చెబుదురుగానండీ" అని ఆపు, రెండోసారి చెప్పినప్పుడు అందులో ఉప్పు ఉండదు. ఎదుటివాళ్లది ప్రైవేట్ లిమిటెడ్ కంపెనీ అయితే కంపెనీ వ్యవహారాల శాఖ సైటులో 100 రూపాయలు కట్టి వాళ్లు దాఖలు చేసిన పత్రాలు చూడొచ్చు. ఏఓసీ-4 అన్న ఫారంలో బ్యాలెన్స్ షీటు ఉంటుంది. రావాల్సిన బాకీలు, అప్పులు, డైరెక్టర్లు సొంతంగా తెచ్చి పెట్టిన డబ్బు, ఈ మూడు వరసలు రెండేళ్లవి పక్కపక్కన పెట్టుకుంటే సగం ప్రశ్నలు అక్కడే దొరుకుతాయి. 2006 నాటి ఎంఎస్‌ఎంఈ (చిన్న, మధ్యతరహా పరిశ్రమల) చట్టం ప్రకారం చిన్న సరఫరాదారుకి 45 రోజుల్లోపు డబ్బు అందాలి. నిజానికి ఎన్ని రోజులకి అందుతోంది అని అడిగి చూడు, ఎంత మాట్లాడతారో. రైతులకీ, సొంత పేరు మీద నడిచే దుకాణాలకీ ఆ సైటులో ఏమీ ఉండదు. అప్పుడు మేత డీలరునో, రొయ్యలు కొనే వ్యాపారినో, పని మానేసిన కుర్రాడినో ముందు కలువు.

ఒప్పందం మైకు పెట్టకముందే జరగాలి. ఏవి మాట్లాడకూడదో ఆయన ముందే చెప్పాలి. రికార్డింగు విన్నాక 48 గంటల్లో తప్పు అంకెలు, వ్యాపార రహస్యాలు, మూడో మనిషి ఇంటి విషయాలు తీసెయ్యమంటే తీసేస్తావు. "నేను బాగా మాట్లాడలేదు" అంటే మాత్రం తియ్యవు. ఇది వాట్సాప్‌లో రాసి, "సరే" అనిపించుకో. ఎవరినైనా పేరు పెట్టి మోసగాడంటే ఆ పేరు కోసెయ్యి, లేదా ఆ మనిషి జవాబు కూడా తీసుకో. పరువునష్టం భారతీయ న్యాయ సంహిత 356వ సెక్షన్ కింద నేరం. అన్నవాడితోపాటు ప్రచురించిన నువ్వూ ఇరుక్కుంటావు. లిస్టెడ్ కంపెనీ (షేర్ మార్కెట్లో ఉన్నది) పెద్దలైతే సాధారణంగా త్రైమాసికం ముగిసిన దగ్గర్నుంచి ఫలితాలు వచ్చి 48 గంటలు అయ్యేదాకా అంకెల గురించి నోరు విప్పరు. తేదీ అది చూసుకుని పెట్టుకో.

డాక్టర్లు, చార్టర్డ్ అకౌంటెంట్లు లాంటివాళ్లకి ఒక ప్రశ్న దాచుకో: "పదేళ్ల కిందట చెప్పి, ఇప్పుడు చెప్పని సలహా ఏదండీ?" పాఠం చెప్పే ధోరణి అక్కడ ఆగుతుంది. రోగి పేరు చెప్పకపోయినా ఊరు, వయసు, జబ్బు కలిస్తే ఆ ఊళ్లో అందరికీ తెలిసిపోతుంది, రెండిటిని కోసెయ్యి.

ఇక శబ్దం. చెరువు గట్టు మీద కూర్చోవాలని మనసు పడుతుంది. వద్దు. ఏరేటర్ల (చెరువు నీళ్లలోకి గాలి ఎక్కించే యంత్రాల) హోరు, సముద్రపు గాలి రెండూ మాటని మింగేస్తాయి. మైకుకి తొడిగే స్పాంజి ఆ గాలిని ఆపదు. గదిలో మాట్లాడి, ఏరేటర్ల చప్పుడు విడిగా రెండు నిమిషాలు పట్టుకురా. గదిలో ఫ్యాను, ఏసీ, ఫ్రిజ్ ఆపించు, వెళ్లేటప్పుడు ఫ్రిజ్ మళ్లీ వెయ్యడం మర్చిపోకు. గచ్చు నేల, ఖాళీ గోడలు ఉంటే మాట మోగుతుంది, పరుపులు, దుప్పట్లు ఉన్న పడగ్గదే మేలు. కాలర్ మైకు గడ్డానికి జానెడు కింద, చీర కొంగో గొలుసో రాసుకోని చోట పెట్టాలి. ఇద్దరికీ వేర్వేరు ట్రాకులు. రికార్డరు సెట్టింగు 48 కిలోహెర్ట్జ్, 24 బిట్, వేవ్ ఫైలు. రికార్డరు మీటరులో మామూలు మాట మైనస్ 12 డీబీ (డెసిబెల్) దగ్గర ఆడాలి, ఎందుకంటే రైతు నవ్వితే ఒక్కసారిగా పైకి లేస్తుంది, మీటరులో పైన చోటు లేకపోతే శబ్దం పగిలిపోతుంది. ఆ పగులు ఏ సాఫ్ట్‌వేరూ పూర్తిగా బాగుచెయ్యదు. ఎవరూ మాట్లాడకుండా 30 సెకన్ల గది నిశ్శబ్దం రికార్డు చేసుకో, కోతలు అతకడానికి అది కావాలి. ఫోన్లు ఫ్లైట్ మోడ్‌లో పెట్టి, ఒక ఫోన్లో విడిగా రికార్డింగ్ నడవనీ.

మైకు ఆపాక "అసలు సంగతేంటంటే" అని మొదలెడతారు, చూస్తూ ఉండు. తీసిన మైకు వెంటనే సంచిలో పెట్టకు. "ఇది కూడా రికార్డు చెయ్యనా అండీ?" అని అడుగు. వద్దంటే అది నీ చెవిలోనే ఉండాలి.

గంటన్నర మాటలు యాభై నిమిషాలకి కోసుకో. ఒక ప్రశ్నకి చెప్పిన జవాబు ఇంకో ప్రశ్న కింద అతికించకు. చివరి ఫైలు మైనస్ 16 ఎల్‌యూఎఫ్‌ఎస్ (మొత్తం మీద శబ్దం ఎంత గట్టిగా వినిపిస్తుందో చెప్పే కొలత) దగ్గర ఉంచితే ఫోన్లో బాగా వినిపిస్తుంది. రికార్డు చేసిన రెండు ట్రాకులు కలిపి గంటకి సుమారు ఒక జీబీ అవుతుంది. ఇంటికొచ్చేదాకా ఆగకుండా, అక్కడే ఇంకో కార్డులోకి కాపీ చేసుకుని బయల్దేరు.

ఇట్లు,
మీ మావయ్య