ఉద్యోగం చేస్తూ దూరవిద్యలో అంతర్జాతీయ సంబంధాలు: ఎలా చదవాలి, ఎక్కడ దెబ్బతింటారు?

బీకామ్ చేసి ఉద్యోగంలో ఉన్నవాళ్లు అంతర్జాతీయ సంబంధాల్లో దూరవిద్య పీజీ చేయొచ్చా అని అడిగారు. చేయొచ్చు. ఇగ్నో (ఇందిరా గాంధీ జాతీయ సార్వత్రిక విశ్వవిద్యాలయం) ఎంఏ పొలిటికల్ సైన్స్‌కి ఏ డిగ్రీ ఉన్నా సరిపోతుంది. కాకపోతే పట్టా మీద పొలిటికల్ సైన్స్ అనే ఉంటుంది. దాన్ని విదేశాంగం వైపు తిప్పుకోవాల్సింది మీరే.

మొదటి ఏడాది నాలుగు పేపర్లూ తప్పనిసరి, వాటిలో మనకు కీలకమైనది ఎంపీఎస్-002, అంటే అంతర్జాతీయ సంబంధాల పేపరు. ఒక్కో పేపరు 8 క్రెడిట్లు, క్రెడిట్‌కి 30 గంటల చదువు. మొత్తం 960 గంటలు, అంటే వారానికి పద్దెనిమిదిన్నర. రోజూ రెండు గంటలు, ఆదివారం ఆరు గంటలు కేటాయించగలరో లేదో ముందే తేల్చుకోండి. రెండో ఏడాది 4 క్రెడిట్ల పేపర్లను ఎంచుకునేటప్పుడు భారత్-ప్రపంచం, శాంతి-సంఘర్షణ అధ్యయనాలు, యూరోపియన్ యూనియన్ మీద ఉన్న పేపర్లు వదలొద్దు.

చదువులో చాలామంది దెబ్బతినేది ఒక్కచోటే. ప్రశ్న సిద్ధాంతం అడిగితే వీళ్లు వార్తలు రాస్తారు. రోజూ వార్తాపత్రిక చదివేవాళ్లకే ఈ ప్రమాదం ఎక్కువ. దీనికి నాకు తెలిసిన మందు ఒకటే: ఒక్క ఘటన తీసుకుని వాస్తవవాదం, ఉదారవాదం, కన్‌స్ట్రక్టివిజం అనే మూడు సిద్ధాంతాలతోనూ సొంతంగా రాసి చూడటం. 1971 ఆగస్టు 9 నాటి భారత్-సోవియట్ ఒప్పందమే తీసుకోండి. వాస్తవవాది దృష్టిలో అది బలాల తూకం. జులైలో అమెరికా జాతీయ భద్రతా సలహాదారు కిసింజర్ పాకిస్తాన్ మీదుగా రహస్యంగా బీజింగ్ వెళ్లొచ్చాడు, అమెరికా-చైనా-పాకిస్తాన్ దగ్గరవుతున్నాయి, కాబట్టి భారత్‌కి ఒక అండ కావాలి. దాడి జరిగితే వెంటనే సంప్రదించుకుందామన్న 9వ అధికరణం ఈ వాదనకు బలం. మరి అదే ఒప్పందం 4వ అధికరణంలో భారత అలీన విధానాన్ని (ఏ కూటమిలోనూ చేరకపోవడం) గౌరవిస్తామని సోవియట్‌తో ఎందుకు రాయించుకున్నట్టు? బలాల తూకం ఒక్కటే దీనికి జవాబు చెప్పలేదు. భారత్ తనను తాను ఎలా చూసుకుంటుందో చెప్పే కన్‌స్ట్రక్టివిస్టు వాదన ఇక్కడే పనికొస్తుంది. అంతర్జాతీయ సంస్థలకు విలువిచ్చే ఉదారవాది అయితే ఐక్యరాజ్యసమితి భద్రతామండలిని చూపిస్తాడు. డిసెంబరులో బంగ్లాదేశ్ యుద్ధం వేళ సోవియట్ వీటోలు పడిన వేదిక అదే కదా. ఒప్పందం పూర్తి పాఠం విదేశాంగ శాఖ వెబ్‌సైట్లో ఉచితంగా దొరుకుతుంది. అధికరణాలు చూసి రాసిన జవాబుకీ గైడు చూసి రాసిన జవాబుకీ తేడా మొదటి పేరాలోనే తెలిసిపోతుంది. తరగతి గదిలో అయితే పక్కవాడు అడ్డుతగిలి మీ వాదనను పరీక్షిస్తాడు. దూరవిద్యలో ఆ పని మీ కలమే చేయాలి. అందుకే రాయమంటున్నాను.

మొదటి ఏడాది పేపర్లకు పరీక్ష మూడు గంటలు. ఒక్కోటి 500 పదాల చొప్పున ఐదు జవాబులు రాయాలి, అంటే జవాబుకి 36 నిమిషాలు. మాధ్యమం ఇంగ్లిష్ లేదా హిందీ. తెలుగు మీడియంలో చదివొచ్చినవాళ్లు చివరి నెల దాకా ఆగకుండా, మొదటి నెల నుంచే వారానికి రెండు జవాబులు గడియారం పెట్టుకుని ఇంగ్లిష్‌లో రాయాలి.

అసైన్‌మెంట్లకు 30 శాతం, పరీక్షకు 70 శాతం వెయిటేజీ. రెండింట్లోనూ విడివిడిగా 40 శాతం రావాలి. అసైన్‌మెంట్ ప్రశ్నలు ఏటా మారతాయి. పాత సంవత్సరంవి దించుకుని రాస్తే శ్రమంతా వృథా. చేత్తోనే రాయండి, మొదటి పేజీలో ఎన్‌రోల్‌మెంట్ నంబరు, కోర్సు కోడ్, స్టడీ సెంటర్ కోడ్ వేయండి, ఇచ్చే ముందు ప్రతి పేజీ ఫొటో తీసి దాచుకోండి, రసీదు తప్పక అడిగి తీసుకోండి. గ్రేడ్ కార్డులో మార్కులు ఎక్కకపోతే మీ చేతిలో ఉండే ఆధారం అదొక్కటే. పరీక్ష ఫారం విడిగా నింపి విడిగా ఫీజు కట్టాలి, కోర్సు ఫీజుతో సరిపోదు. రెండో ఏడాదికి రీ-రిజిస్ట్రేషన్ కూడా మీరే చేసుకోవాలి. మొదటి ఏడాది పేపర్లు మిగిలిపోయినా ఇది ఆపకండి, మొత్తం నాలుగేళ్ల గడువుంది.

పాఠ్యపుస్తకాలు ఇగ్నో ఆన్‌లైన్ భాండాగారం ఈజ్ఞాన్‌కోశ్‌లో ఉచితం. చేరకముందే ఎంపీఎస్-002 మొదటి బ్లాకు (పాఠాల మొదటి భాగం) డౌన్‌లోడ్ చేసుకుని చదవండి. అది విసుగనిపిస్తే ఈ కోర్సు మీకు సరిపడదు.

నెట్ (అధ్యాపక అర్హత పరీక్ష) రాయాలనుకుంటే పీజీలో జనరల్‌కి 55 శాతం, రిజర్వుడు వర్గాలకు 50 శాతం ఉండాలి. కాబట్టి 40తో గట్టెక్కితే చాలనుకోవద్దు. ఆ తేడాను పూడ్చుకోవడానికి సులువైన చోటు అసైన్‌మెంట్లే.